కండెలు చుట్టే వేషం

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం పంతులు గారి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవం అని మీ పత్రిక ఒక పేజీ మొత్తం నాటకానికి ఇచ్చింది. చాలా సంతోషమయింది. ఆ పేజీ తీసి మగ్గం గదిలో మేకుకు తగిలించుకున్నాను. కానీ రెండోసారి చూస్తే ఒక లోటు కనబడింది. ఫొటోల కింద పేర్లన్నీ ప్రధాన పాత్రలు వేసినవాళ్లవే. పక్కన బల్లెం పట్టుకుని నిలబడ్డ కుర్రాడి పేరు లేదు. హార్మోనియం వాయించిన పెద్దాయన మొహం సగం కోసేశారు. ఆ కుర్రాడి గురించే ఈ ఉత్తరం.

మాది మంగళగిరి, చేనేత కుటుంబం. నాకు ఇప్పుడు 63 ఏళ్లు. నలభై ఏళ్ల కిందట మా ఊళ్లో ఒక నాటక సమాజం ఉండేది. దర్శకుడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పరిషత్తు పోటీలకు ఒక సాంఘిక నాటకం తయారవుతోంది. నాకు గొంతు ఉంది, ఎత్తు ఉంది, హీరో వేషం నాకే అని అందరికీ చెప్పుకు తిరిగాను. తీరా చూస్తే మాస్టారు నాకు ఆఫీసు బంట్రోతు వేషం ఇచ్చారు. రెండే డైలాగులు. ‘అయ్యగారు లోపల లేరండి’, ‘టీ తెచ్చానండి’.

మర్నాడు రిహార్సల్‌కు వెళ్లలేదు. రాత్రి ఎనిమిదింటికి మాస్టారే సైకిలేసుకుని మా ఇంటికొచ్చారు. మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అరుగు మీద కూర్చుని, ‘రష్యాలో స్తానిస్లావ్‌స్కీ అని ఒక దర్శకుడు ఉండేవాడురా. చిన్న పాత్రలు ఉండవు, చిన్న నటులే ఉంటారు అన్నాడాయన. నువ్వు చిన్నవాడివా, కాదా? రేపు సాయంత్రం వచ్చి చెప్పు’ అని లేచి వెళ్లిపోయారు.

వెళ్లాను. ఆ టీ గ్లాసు సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. గ్లాసు పట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో, ‘ఆగు. ఆ గ్లాసులో టీ ఉందా?’ అన్నారు. లేదండీ, రిహార్సలే కదా అన్నాను. ‘ఖాళీ గ్లాసని నీ వేళ్లే చెబుతున్నాయి’ అన్నారు. మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చాను. ఈసారి, ‘టీ ఎంత దూరం నుంచి తెచ్చావ్? మెట్లెక్కావా? పొద్దున్నుంచి ఎన్నోసారి? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?’ అని ఒకటే ప్రశ్నలు. రెండు డైలాగులకు ఇదంతా ఎందుకా అనిపించింది. మర్నాడు పొద్దున బస్టాండు దగ్గర టీ బంకు ముందు అరగంట నిలబడ్డాను. పొగలు కక్కే గ్లాసులు మోసే కుర్రాడు అంచును రెండు వేళ్లతో పట్టుకుంటున్నాడు, కింద చిటికెన వేలు ఆనిస్తున్నాడు. నడుస్తూ దారి చూడడం లేదు, టీ వంకే చూస్తున్నాడు. సాయంత్రం అలాగే నడిచాను. మాస్టారు ఏమీ అనలేదు. తర్వాతి సీను మొదలుపెట్టించారు. ఆ రోజు నాకు కలిగిన ఆనందం తర్వాత ఏ బహుమతి కప్పు అందుకున్నా కలగలేదు.

చిన్న పాత్రలు ఉండవన్న ఆ మాటను అప్పట్లో నాటకాలవాళ్ల మాట అనుకున్నాను, అంతే. చాలా ఏళ్ల తర్వాత, గుంటూరు వెళ్లినప్పుడు లైబ్రరీలో స్తానిస్లావ్‌స్కీ గురించి చదివాను. ఒకచోట గుండె ఝల్లుమంది. ఆయన అసలు ఇంటిపేరు అలెక్సేయెవ్. వాళ్ల కుటుంబానికి మాస్కోలో బంగారు పోగులు, వెండి పోగులు తీసే ఫ్యాక్టరీ ఉండేది. అంటే మన జరీ లాంటిదే! పగలు ఫ్యాక్టరీ వ్యవహారాలు, సాయంత్రం నాటకాలు. ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఉండాలని మొదట్లో పెట్టుకున్న రంగస్థలం పేరే స్తానిస్లావ్‌స్కీ. రోజంతా జరీ పోగు పట్టుకుని పడుకునేముందు నాటకం పోర్షన్ బట్టీ పట్టిన నాబోటి వాడికి ఆయన ఎక్కడో దూరపు చుట్టంలా అనిపించాడు.

1897లో ఆయనా, నెమిరోవిచ్ దాంచెంకో అనే నాటకకర్తా మాస్కోలో ఒక హోటల్లో కలుసుకున్నారు. మధ్యాహ్నం మొదలైన మాటలు మర్నాడు పొద్దున ఎనిమిదింటిదాకా, పద్దెనిమిది గంటలు సాగాయి. మరుసటి ఏడాది వాళ్లు పెట్టిన మాస్కో ఆర్ట్ థియేటర్ ఆ మాటల్లోంచే పుట్టింది. మాస్టారు చెప్పిన వాక్యం ఆనాటిదే. దాని తర్వాత ఇంకొక వాక్యం ఉంది, అది మాస్టారు నాకు చెప్పలేదు. ఇవాళ హామ్లెట్ లాంటి ప్రధాన వేషం, రేపు గుంపులో ఒకడు. గుంపులో ఒకడైనా అతను కళాకారుడిగానే ఉండాలి.

ఈ రెండో వాక్యం నాకు మొన్న మొన్ననే అర్థమయింది. గుంటమగ్గం మీద నలభై రెండేళ్లు నేశాను. నాలుగేళ్ల కిందట మోకాళ్లు అరిగిపోయాయని, ఇక గుంటలో కాళ్లు దింపి తొక్కకూడదని డాక్టరు చెప్పారు. ఇప్పుడు మగ్గం మీద మా కోడలు కూర్చుంటోంది. నేను రాట్నం ముందు కూర్చుని కండెలు, అంటే నేతకు కావలసిన పోగును చిన్న గొట్టాలకు, చుడుతున్నాను. మా ఇళ్లల్లో అది ముసలివాళ్ల పని, ఆడవాళ్ల పని. మా అమ్మ చుట్టింది, నా భార్య చుట్టింది. వాళ్లు చుట్టిన కండెలు, మగ్గం మీద అటూ ఇటూ పోగు మోసే నాడెలో పెట్టుకుని నేసిన చీరలకు పేరు మాత్రం నాకు వచ్చింది. మొదటి నెల్లో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వీధిలో ఎవరైనా వస్తే రాట్నం ఆపేసి పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ని.

ఒకరోజు కోడలు, ‘మావయ్యా, ఈ కండె జారుతోంది’ అని వెనక్కి ఇచ్చింది. చూస్తే నిజమే. వదులుగా చుట్టాను. అలా చుడితే నాడె పోయేటప్పుడు పోగు ఒక్కసారిగా జారి చిక్కుపడుతుంది. మరీ బిగించి చుడితే తెగుతుంది. పైటకొంగులో వేసే జరీ అయితే మెలిక పడిందంటే నేతలో ఆ మెలిక కనబడిపోతుంది. ఖాళీ గ్లాసని నా వేళ్లు మళ్లీ చెప్పేశాయి! ఆ రాత్రి నా భార్యను అడిగాను, ఇన్నేళ్లు ఎలా చుట్టావని. ‘పోగుకు బొటనవేలు ఆనీ ఆనకుండా పట్టుకోవాలి, చెయ్యి మీదే ధ్యాస ఉండాలి’ అంది. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఇప్పుడు ఎవరొచ్చినా రాట్నం ఆపడం లేదు.

స్తానిస్లావ్‌స్కీకి కూడా అలాంటి రోజు వచ్చింది. 1928 అక్టోబరులో తమ థియేటర్ ముప్పయ్యేళ్ల వేడుకలో రష్యన్ రచయిత చెహోవ్ నాటకంలో వేషం వేస్తుండగా గుండెపోటు వచ్చింది. ఆ అంకం అయిపోయేదాకా ప్రేక్షకులకు తెలియనివ్వలేదు. మళ్లీ ముఖానికి రంగు వేసుకోలేదు. 1938లో చనిపోయేదాకా, ఒంట్లో ఓపిక లేకపోయినా నటుల్ని ఇంటికి పిలిపించుకుని నేర్పుతూనే ఉన్నాడు. ఆయన మాట మీద నాకు గురి కుదరడానికి అది కూడా ఒక కారణం.

ఆయనదే ఇంకో మాట ఉంది. చెడ్డవాడి వేషం వేసేటప్పుడు అతనిలో మంచి ఎక్కడుందో వెతుకు అని. ఇల్లు పంచుకునేటప్పుడు మనసు విరిగిన మా అన్నయ్య విషయంలో అది ప్రయత్నిస్తున్నాను. ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. సంక్రాంతికి మాత్రం నేనే వాళ్లింటికి వెళ్లి వచ్చాను.

ఇక నా మనవి. ఆ నాటకానికి మాస్టారు వేయించిన కరపత్రంలో అందరి పేర్లూ ఉన్నాయి. తెర లాగినతను, మేకప్ చేసినతను, లైట్లు చూసినతను, బంట్రోతు వేసిన నేను. అందరివీ ఒకే సైజు అక్షరాల్లో. మా అమ్మకు చదువు రాదు. ‘నీ పేరు ఎక్కడుందిరా’ అని అడిగి, నేను చూపిస్తే దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. అమ్మ పోయాక పెట్టె సర్దుతుంటే ఆ కరపత్రం ఆమె పెళ్లి చీర మడతలో కనబడింది. ఇప్పుడు నా దగ్గరే ఉంది.

వచ్చే ఏడాది నాటకాల ఫొటోలు వేసేటప్పుడు, చోటు లేకపోతే అక్షరాలు చిన్నవి చేసైనా సరే, వేదిక మీదున్న అందరి పేర్లూ వేయండి. వీలైతే తెర వెనక ఉన్నవాళ్లవి కూడా. బల్లెం పట్టుకున్న ఆ కుర్రాడికీ ఇంట్లో అమ్మ ఉంటుంది.

ఇట్లు,
ఒక చేనేత కార్మికుడు,
మంగళగిరి