ఎంవోయూలు సరే, షరతులు ఎక్కడ?

సంపాదకుడు గారికి,

ఈ మధ్య మన రాష్ట్ర యూనివర్సిటీలు ఏదో ఒక కంపెనీతో ఎంవోయూ చేసుకున్నాయన్న వార్త తరచూ వస్తోంది. సంతోషమే. కానీ ఎంవోయూ అంటే కలిసి పనిచేద్దామని రాసుకున్న కాగితం, దాంతో ఏ టెక్నాలజీ ల్యాబ్ గడప దాటదు. నిజంగా దాటాలంటే పేటెంటుకి లైసెన్సు ఇవ్వాలి. అది ఒక్క కంపెనీకేనా, అడిగినవాళ్లందరికీనా? అమ్మకాల్లో రాయల్టీ ఎంత? తీసుకున్నవాళ్లు తయారీ మొదలుపెట్టకుండా అటకెక్కిస్తే వెనక్కి లాక్కోవచ్చా? అసలు విషయం ఇదే, వార్తల్లో మాత్రం కనపడదు.

కంపెనీలు వద్దని నేననడం లేదు. శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా పని మొదట ఉస్మానియా యూనివర్సిటీ ల్యాబ్‌లో, తర్వాత హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీలో జరిగి, 1997లో మార్కెట్లోకి వచ్చింది. విదేశీ టీకా మామూలు ఇళ్లకి అందని రోజులవి. యూనివర్సిటీ ఒక్కటే అయితే ఆ పరిశోధన ఏ జర్నల్‌లోనో పేపరై ఆగిపోయేది.

అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ డబ్బుతో కనిపెట్టినవాటి మీద హక్కు యూనివర్సిటీలకే ఇచ్చింది, అవసరమైతే ప్రభుత్వం మధ్యలోకి వచ్చి వేరేవాళ్లకి లైసెన్సు ఇప్పించే వీలూ ఉంచుకుంది (ఆ అధికారం దశాబ్దాలుగా కాగితం మీదే ఉందనుకోండి, అది వేరే కథ). మన దగ్గర అలాంటి బిల్లు 2008లో రాజ్యసభలో పెట్టారు, చట్టం కాలేదు. దాంతో ఎవరి రూల్స్ వాళ్లవి.

షరతులు బయటపెడితే వ్యాపార రహస్యాలు పోతాయి అంటారు. కోవిడ్ టీకా కోవాగ్జిన్ నికర అమ్మకాల్లో, దాన్ని భారత్ బయోటెక్‌తో కలిసి రూపొందించిన ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌కి 5 శాతం రాయల్టీ అన్న సంగతి బయటికి వచ్చింది కదా, భారత్ బయోటెక్ ఏమన్నా మూతపడిందా? ఫార్ములా చెప్పమని ఎవరూ అడగట్లేదు. లైసెన్సు ఎవరికి, ఎన్నేళ్లకి, రాయల్టీ ఎంత శాతం, అంతవరకు వెబ్‌సైట్‌లో పెడితే చాలు. జీతాలు, ల్యాబులు, ఫెలోషిప్పులు మన పన్నుల డబ్బే.

ఇంకోటి. వచ్చిన రాయల్టీలో పరిశోధన చేసిన పీహెచ్‌డీ పిల్లలకి వాటా ఎంత? ల్యాబ్‌లో రాత్రిళ్లు గడిపేది వాళ్లు, పేటెంటులో ముందు పేరు గైడ్‌ది. ఏ యూనివర్సిటీలో ఈ వాటా ఎంతో మీ విలేకరులు సమాచార హక్కు కింద అడిగి ఒక పట్టిక వేయగలరా?

ఒక రిటైర్డ్ లెక్చరర్,
హనుమకొండ