వార్షిక నివేదిక: పిల్లల ఆయాసం, ఆసుపత్రికి చేరేలోపు చెయ్యాల్సింది

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగింది: ఉబ్బసంతో ఆయాసపడే పిల్లకి దారిలోనే అందాల్సిన మందు. 108 ఎక్కించి పరుగు తీయడమే వైద్యం అనే నమ్మకం మన గోదావరి డెల్టాలో బలంగా ఉంది. కానీ లంక రేవులో పడవ కోసం, సఖినేటిపల్లిలో బండ్లను ఏరు దాటించే పంటు కోసం, కోతల రోజుల్లో కాలవగట్టు మీద ధాన్యం ట్రాక్టర్లు తప్పుకోవడం కోసం ఆగక తప్పదు. ఆ ఆగినంతసేపూ పిల్లకి మందు పడుతూనే ఉండాలి. అందుకే శిక్షణ తరగతుల్ని సార్వా (ఖరీఫ్) నూర్పిళ్లకు, దాళ్వా (రబీ) కోతలకు ముందే పెట్టాం. నూర్పిడి దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ, భోగి మంటలు: ఆయాసం రేగే రోజులు మనకు ముందే తెలుసు.

ముందు పిల్ల చొక్కా విప్పి చూడాలి. డొక్కలు లోపలికి పోవడం, ఒక్క వాక్యం ఏకబిగిన చెప్పలేకపోవడం, పాలు తాగలేకపోవడం, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ 92 శాతం కంటే తగ్గడం తీవ్రతకు గుర్తులు. ఊపిరి అయిదేళ్ల లోపు నిమిషానికి 40, ఆ పైన 30 దాటినా అంతే. పిల్లికూతలు ఆగిపోయి పిల్ల మగతగా ఉంటే తగ్గిందని సంబరపడకండి. గాలి ఆడటమే ఆగిపోతోంది.

ఆక్సిజన్ బాగున్న పిల్లకి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఇచ్చే సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలు విప్పే మందు) ఇన్‌హేలర్, మందును పొగలా మార్చే నెబులైజర్‌కి ఏమాత్రం తీసిపోదు. కరెంటు లేని లంకలో మా ఓటు దానికే. అయిదేళ్ల లోపు 2 నుంచి 6 పఫ్‌లు, ఆ పైన 4 నుంచి 10. మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకూ మళ్లీ ఇవ్వొచ్చు. తరగతుల్లో ఎక్కువగా కనబడ్డ తప్పు, పఫ్‌లన్నీ ఒకేసారి కొట్టెయ్యడం. అలా చేస్తే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని గొట్టం గోడలకే పోతాయి. కుదిపి ఒక పఫ్, అయిదారు ఊపిరులు, మళ్లీ కుదిపి ఇంకోటి. కడిగిన స్పేసర్‌ని గుడ్డతో తుడిచినా నష్టమే, స్థిర విద్యుత్తు పుట్టి మందును లాగేసుకుంటుంది. సబ్బునీళ్లలో ముంచి, తియ్యగానే ఆరబెడితే చాలు. స్పేసర్ దొరక్కపోతే 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేలా రంధ్రం చేసి వాడుకోవచ్చు.

ఆక్సిజన్ తగ్గిన పిల్లకి మాత్రం ఆక్సిజన్‌తో నడిచే నెబులైజరే పెట్టాలి. సాల్బుటమాల్ అయిదేళ్ల వరకు 2.5 మిల్లీగ్రాములు, ఆ పైన 5. తీవ్రంగా ఉంటే ఊపిరి గొట్టాలు విప్పే మరో మందు ఇప్రాట్రోపియం 250 మైక్రోగ్రాములు కలపాలి. 500 మైక్రోగ్రాముల రెస్ప్యూల్ (ఒక మోతాదు మందు ఉండే చిన్న ప్లాస్టిక్ గొట్టం) అయితే సగమే. ఆక్సిజన్ వేగం చూపే ఫ్లోమీటర్ నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల మీద ఉండాలి. 2 లీటర్ల మీద పెడితే పొగ వచ్చినట్టే కనిపిస్తుంది, కానీ చుక్కలు పెద్దవై గొంతులోనే ఆగిపోతాయి. పిల్ల ఏడుస్తోందని మాస్కు ముఖానికి దూరంగా పట్టుకోవడం మందు వృథా చెయ్యడమే. అమ్మ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి మాస్కు ఆనించాలి. స్ట్రెచర్ మీద పడుకోబెట్టొద్దు. మందు పడ్డాక చేతులు వణకడం, గుండె దడదడలాడటం మామూలే.

ఆక్సిజన్ సిలిండర్ లెక్క పైలట్లకూ (108 బండి డ్రైవర్లు) నేర్పించాం. 10 లీటర్ల సిలిండర్ గేజి ముల్లు 50 బార్ (పీడనం కొలత) దగ్గరుంటే, పదిని యాభైతో గుణించి, మిగిలింది 500 లీటర్లు. నిమిషానికి 8 చొప్పున గంట. రేవులో ఆగే సమయం కూడా ఆ గంటలోనే. పంటు ఎక్కాక గుర్తొస్తే లాభం లేదు.

ఊపిరి గొట్టాల వాపు తగ్గించే స్టెరాయిడ్ ప్రెడ్నిసోలోన్ కిలో బరువుకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా రెండేళ్ల లోపు 20, అయిదేళ్ల వరకు 30, ఆ పైన 40. 108 కాల్ సెంటర్ డాక్టర్ చెబితే బండిలోనే వెయ్యాలి. పనిచెయ్యడానికి గంటలు పడుతుంది గనక ఎంత త్వరగా పడితే అంత మేలు. నిద్రమందులు, మగతనిచ్చే దగ్గు సిరప్‌లు వద్దు.

ఇచ్చిన మందు, మోతాదు, సమయం, ముందూ వెనకా ఆక్సిజన్ అంకె రాసే చీటీ అచ్చు వేయించి ఆశా కార్యకర్తలకు ఇచ్చాం. దానితో ఆసుపత్రిలో మందులు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాల్సిన పని తప్పుతుంది. సమయం గడి మాత్రం చాలా చీటీల్లో ఖాళీగా వస్తోంది, దాన్ని పెద్దది చేసి మళ్లీ అచ్చు వేయిస్తున్నాం.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో ఉంచుతాం. ఆ రోజు మీ ఇంట్లో ఉన్న ఇన్‌హేలర్, స్పేసర్ వెంట తెండి. గడువు తేదీ చూసి, మాస్కు పిల్ల ముఖానికి సరిపోతోందో లేదో అక్కడే పరీక్షిస్తాం.