పేరు చదవని హుండీ ఒకటి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పద్దులు రాశాను. మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయని తెలిసి, ఆ మతంలో దానం గురించి చదివాను. దానాన్ని వాళ్లు 'సెదకా' అంటారు. ఆ మాటకు మూలం న్యాయం. అంటే పేదవాడికి ఇచ్చేది దయ కాదు, బాకీ. రాబడిలో పదో వంతు తీయడం ఆనవాయితీ. దానం మీద బతికేవాడు కూడా ఎంతో కొంత ఇవ్వాల్సిందే!

యెరూషలేము ఆలయంలో ఒక గది ఉండేదట. ఇచ్చేవాళ్లు చాటుగా వేసేవాళ్లు, బాగా బతికి చితికినవాళ్లు చాటుగా తీసుకునేవాళ్లు. 12వ శతాబ్దపు పండితుడు మైమొనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా పై మెట్టు, అప్పో పనో వ్యాపారంలో వాటానో ఇచ్చి మనిషిని నిలబెట్టడం. అది చదివి కళ్లు చెమర్చాయి. మా నాన్న పోయినప్పుడు ఒక కమిషన్ వ్యాపారి నా చేతిలో డబ్బు పెట్టలేదు, పద్దు పుస్తకం పెట్టారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

మా వీధి గుడిలో 116 రూపాయలిచ్చినా మైకులో పేరు చదువుతారు. పేరు అడగని హుండీ ఒకటి పెట్టి, ఆ డబ్బుతో పేదపిల్లల ఫీజులు కట్టమని కమిటీని అడిగాను. మీ పాఠకుల్లో కమిటీ పెద్దలుంటే వాళ్లనూ అడుగుతున్నాను.

– ఒక విశ్రాంత గుమాస్తా, బ్రాడీపేట, గుంటూరు