బుజ్జిని తీసుకునే వెళ్ళు

శ్రీకాకుళం

ఒరే బావా,

నీ మెసేజ్ రాత్రి చదివాను. ఇటలీలోని జెనోవాలో ఉద్యోగం ఖాయమైందంటే చాలా సంతోషం వేసింది. కానీ మీ కుక్క బుజ్జిని విజయనగరంలో మీ అక్క దగ్గర వదిలేద్దామనుకుంటున్నా అన్నావు చూడు, ఆ మాట దగ్గరే మనసు ఆగిపోయింది. ఫోన్లో చెప్తే సగం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వదలొద్దు రా. తీసుకునే వెళ్ళు. మా కుక్క కర్రిగాడితో ఇటలీలోనే త్రియెస్తేలో ఉన్నన్నాళ్ళూ నేను చూసిందీ తెలుసుకున్నదీ చెప్తాను, ఆ తర్వాత నువ్వూ మీ ఆవిడా కూర్చుని ఆలోచించుకోండి.

ముందు కాగితాల సంగతి. టైం తినేది ఇదే. మొదట బుజ్జికి మైక్రోచిప్ వేయించాలి. పదిహేను అంకెల నంబరుండే అంతర్జాతీయ ప్రమాణం చిప్ కావాలని అడుగు. రేబిస్ టీకా చిప్ వేశాకే వేయించాలి. అంతకుముందు వేయించిన టీకాలు ఎన్నున్నా యూరప్ వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. టీకా వేసి 30 రోజులు దాటాక రక్తం తీసి, యూరప్ ఆమోదించిన ల్యాబ్‌కి పంపాలి. రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 యూనిట్లకు తగ్గకూడదు. రిపోర్టు బాగా వచ్చినా వెంటనే ఎక్కడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. మన దేశం నుంచి వెళ్ళే కుక్కలకి ఇదే పద్ధతి. చివర్లో ప్రభుత్వ జంతు క్వారంటైన్ వాళ్ళ హెల్త్ సర్టిఫికెట్, అది చేతికొచ్చిన పది రోజుల్లోపు అక్కడ దిగాలి. హైదరాబాద్‌లో వాళ్ళ ఆఫీసుంది. అన్నీ కలిపితే నాలుగు నెలల పైమాటే. నీ జాయినింగ్‌కి అంత టైం లేకపోతే నువ్వు ముందు వెళ్ళు, బుజ్జి మీ ఆవిడతో వెనకాల వస్తుంది. యజమాని తరఫున ఇంకొకరు తీసుకొచ్చేటట్టయితే, నీ ప్రయాణానికీ దాని ప్రయాణానికీ మధ్య అయిదు రోజులకు మించి తేడా ఉండకూడదని రూలు. కాబట్టి అప్పటికి నువ్వొకసారి ఇటొచ్చి దాంతో కలిసి వెళ్ళడం మేలు.

ఆ మూడు నెలలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, నాకు తెలుసు. కర్రిగాడి రక్తం పంపాక క్యాలెండర్ చూసుకుంటూ గడిపాం. తర్వాత క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ వెళ్ళినప్పుడు నాకొక సంగతి తెలిసింది. మహమ్మారి ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్ళు ఊళ్ళో అడుగుపెట్టే ముందు ఒక నెల దగ్గరున్న దీవుల్లోనో పక్క ఊళ్ళోనో ఆగాలని 1377లో చట్టం చేసింది ఆ నగరమే. ఓడలో సరుకూ మనుషులూ ఎంత అవసరమైనా సరే, నెల ఆగాల్సిందే. వెనిస్ వాళ్ళు 1423లో ఒక దీవి మీద ఏకంగా ఆసుపత్రే పెట్టారు. రేవు పట్నాలు బతికింది బయటివాళ్ళని రానిచ్చి, ఆ రానివ్వడాన్ని జాగ్రత్తగా చూసుకుని. అది తెలిశాక మన నిరీక్షణ మీద నాకు గౌరవం కలిగింది. పైగా మన కుక్క ఆ మూడు నెలలూ మన పెరట్లోనే ఉంటుంది కదా.

విమానం గురించి భయపడుతున్నావు. బోనులో అది లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపి పడుకోగలగాలి, అదీ కొలత. ఇప్పుడే కొని హాల్లో పెట్టు, తలుపు తీసి ఉంచు, అన్నం అందులోనే పెట్టు. ప్రయాణం నాటికి అది దాని గది అయిపోతుంది. మత్తు మందు మాత్రం ఎవరు చెప్పినా ఇవ్వకు, గాల్లో ఊపిరికీ గుండెకీ ప్రమాదం. ఎండాకాలం ప్రయాణం పెట్టుకోకు. ఇక్కణ్ణుంచి మాంసం, పాలతో చేసిన తిండి ఏదీ తీసుకెళ్ళనివ్వరు, కాబట్టి డబ్బాలు కట్టుకోకు. కర్రిగాడు అక్కడ అన్నంలో ఉడికించిన కవళ్ళు (సార్డిన్ చేపలు) కలిపితే గిన్నె నాకేసేవాడు. అదే రకం సముద్రపు చేప అక్కడా చవగ్గా దొరుకుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. రాళ్ళు పరిచిన పాత ఊళ్ళలో, మన్ను కనపడని చోట కుక్క ఏం చేస్తుందిరా అన్నావు. బావా, ఆ ఊళ్ళు నాకు తెలిసిందే వాడి వల్ల.

త్రియెస్తే సంగతి చూడు. 1719లో ఆస్ట్రియా చక్రవర్తి దాన్ని స్వేచ్ఛా రేవుగా ప్రకటించాక పెరిగిన ఊరు. మూడు వైపులా పెద్ద పెద్ద భవనాలు, నాలుగో వైపు నేరుగా సముద్రమే ఉండే చౌకు ఒకటుంది. దాని పక్కనే సముద్రంలోకి రెండువందల మీటర్లకు పైగా పొడుచుకుపోయిన రాతి కట్ట, మోలో అవుదాచే అంటారు. 1740లో అక్కడ మునిగిపోయిన ఓడ మీదే దాన్ని కట్టారు. రెయిలింగ్ లేదు. సాయంత్రం ఊరంతా ఆ కట్ట చివరిదాకా నడిచి వెనక్కి వస్తుంది. ఊళ్ళో కుక్కలన్నీ అక్కడే కలుస్తాయి. నేను ఒక్కణ్ణే వెళ్ళిన సాయంత్రాల్లో ఎవరూ పలకరించలేదు. కర్రిగాడితో వెళ్ళిన మొదటి సాయంత్రమే ఒక పెద్దావిడ ఆగింది. ఆమె చేతిలో పొట్టికాళ్ళ కుక్క. మావాడి వంపు తోక చూసి ఏ జాతి అని అడిగింది. మాది ఇండియా, శ్రీకాకుళం, వాడు మా వీధిలో పుట్టినవాడు అన్నాను. ఆమె వంగి వాడి చెవుల వెనక నిమిరింది. ఆ తర్వాత నాకు ఇటాలియన్ నేర్పింది చాలావరకు ఆమే. కూరగాయలెక్కడ బాగుంటాయో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో, బోరా గాలి వచ్చే ముందు ఆకాశం ఎలా ఉంటుందో ఆమే చెప్పింది. గంటకు వంద కిలోమీటర్లు దాటి వీచే గాలి అది. ఒకప్పుడు వీధుల్లో మనుషులు పట్టుకోవడానికి తాళ్ళు కట్టేవారట. ఆ గాలి రోజుల్లో కర్రిగాడు గోడ వారగా, నా కాలికి ఆనుకుని నడిచేవాడు.

ఇక్కడ మనవాళ్ళు ఛీ పొమ్మని అదిలించే రంగూ రూపమూ వాడివి. అక్కడ కాఫీ కొట్లో మాకు కాఫీ వచ్చేలోపే వాడికి గిన్నెలో నీళ్ళు వచ్చేవి. మొదటిసారి అలా జరిగినప్పుడు మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వాడు లోకువ కుక్క కాదు రా, ఎవరి కుక్కా లోకువ కాదు.

కారులో గంటలోపే పిరాన్, స్లొవేనియాది. అయిదు శతాబ్దాలు వెనిస్ ఏలుబడిలో ఉన్న చిన్న ఊరు. మధ్యలో గుండ్రటి చౌకు, అది ఒకప్పుడు పడవలు కట్టే లోపలి రేవు, 1894లో పూడ్చేశారు. వయొలిన్ విద్వాంసుడు తర్తీనీ 1692లో పుట్టింది ఇక్కడే, ఆయన విగ్రహం నడిమధ్యన ఉంది. ఆ ఊరికి దగ్గర్లో సెచోవ్ల్యే ఉప్పుమడులు చూశాక నాకు మన నౌపడ కళ్ళ ముందుకొచ్చింది. అదే ఎండ, అదే గాలి, మడిలో నీళ్ళు చిక్కబడేదాకా అదే ఓపిక, చెక్క పారలతో చేత్తో లాగడం. ఏడువందల ఏళ్ళుగా చేస్తున్నామని వాళ్ళు బోర్డు పెట్టి, ఆ ఉప్పుని అందమైన సంచుల్లో అమ్ముకుంటున్నారు. నౌపడ ఉప్పుకి అలాంటి మర్యాద ఎప్పుడు దక్కుతుందో.

వెనిస్‌కి రైల్లో వెళ్ళాం. వపొరెట్టో పడవల్లో గొలుసుతోపాటు మూతికి తొడుగు తప్పనిసరి. ఇటలీ మొత్తంలో ఊళ్ళలో గొలుసు ఒకటిన్నర మీటరు దాటకూడదు, మూతి తొడుగు కూడా దగ్గరుంచుకోవాలి. మెత్తటిది కాదు, గాలాడే బుట్ట రకం కొని బుజ్జికి ఇప్పటినుంచే అలవాటు చెయ్యి. వెనిస్‌లో నాలుగువందలకు పైగా వంతెనలు, దాదాపు ప్రతిదానికీ మెట్లు. పొద్దుటే వెళ్ళు. పది దాటితే జనం కాళ్ళ మధ్య కుక్క నలిగిపోతుంది. మూలమూలనా తాగే నీళ్ళ కుళాయిలున్నాయి కాబట్టి దాహానికి లోటు లేదు. చర్చిల్లోకీ మ్యూజియంలలోకీ మాత్రం నేనూ మా ఆవిడా వంతులేసుకుని వెళ్ళాం.

నాకు అన్నిటికంటే నచ్చింది క్రొయేషియాలోని స్ప్లిట్. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ గద్దె దిగాక ఉండడానికి సుమారు 305 నాటికి కట్టించుకున్న కోట అది. తర్వాత దాంట్లో జనం కాపురాలు పెట్టారు, ఇప్పటికీ ఉంటున్నారు. ఒక స్తంభం మీంచి ఇంకో స్తంభానికి బట్టలు ఆరేసుకుంటారు. నడిమి చౌకులో ఈజిప్టు నుంచి తెచ్చిన నల్లరాతి సింహం, మనిషి ముఖంది, మూడువేల ఏళ్ళ పైబడినది. కర్రిగాడు దాని ఎదుట కూర్చుని చాలాసేపు కదల్లేదు. అందరూ ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతుంటే నేను వాడితోపాటు ఆ మెట్ల మీదే ఉండిపోయాను. మ్యాప్ పట్టుకుని వచ్చి ఉంటే రెండు నిమిషాల్లో వెళ్ళిపోయేవాణ్ణి. వాడితో కూర్చున్నాను కాబట్టి ఆ రాతిలో పలుకులు కనపడ్డాయి, మెట్టు ఎక్కడ అరిగిందో కనపడింది, పై కిటికీలోంచి ఎవరో చేప వేయించుతున్న వాసన వచ్చింది. బుజ్జిని తీసుకెళ్ళమనడానికి నా అసలు కారణం ఇదేరా బావా. కుక్క నిన్ను ఆపుతుంది. ఆగితేనే పాత ఊరు కనపడుతుంది.

అక్కణ్ణుంచి దుబ్రోవ్నిక్‌కి దారిలో ఇంతకుముందు బోస్నియా భూభాగం దాటాల్సి వచ్చేది, కుక్క కాగితాలు మళ్ళీ చూపించాలి. 2022లో పెల్యెషాత్స్ వంతెన తెరిచాక ఆ టెన్షన్ పోయింది. దుబ్రోవ్నిక్ గోడలు 1,940 మీటర్లు, వాటి మీదకి మళ్ళీ మేం వంతులే. కింద ఉన్నవాళ్ళకి ఒనోఫ్రియో నీటి తొట్టి ఉంది. 1438లో, సుమారు 12 కిలోమీటర్ల దూరం నుంచి కాలవలో నీళ్ళు తెచ్చి కట్టారు, ఇప్పటికీ తాగుతున్నారు. మచ్చల డాల్మేషియన్ కుక్క పేరు ఈ డాల్మేషియా తీరానిదే, కానీ అక్కడ నాకు ఎక్కువ కనపడినవి పిల్లులు.

జాగ్రత్తలు మాత్రం చెవినేసుకో. ఎండాకాలం మధ్యాహ్నం ఆ సున్నపురాతి వీధులు కాలిపోతుంటాయి. అరచేతి వెనక భాగం ఆనించి చూడు, నీకు ఓర్చుకోలేకపోతే దాని పాదాలకీ అంతే. మధ్యధరా తీరంలో సాయంత్రం తిరిగే చిన్న ఇసుక ఈగలు కుక్కలకి లీష్మానియాసిస్ అంటిస్తాయి, అది మొండి జబ్బు. ఆ ఈగల్ని తరిమే కాలరు అక్కడి డాక్టర్లు ఇస్తారు, దిగిన వారంలోనే వేయించు. చలికాలం చివర, పైన్ చెట్ల కింద గొంగళిపురుగులు వరసకట్టి నడుస్తాయి. వాటి నూగు నాలికకి తగిలితే నాలిక కుళ్ళిపోవచ్చు, కాబట్టి ఆ చెట్ల కింద గొలుసు వదలకు. సముద్రపు నీళ్ళు తాగనివ్వకు, ఒంటికి అంటిన ఉప్పు మంచినీళ్ళతో కడిగెయ్. ఒకసారి యూరప్ పెట్ పాస్‌పోర్ట్ చేతికొస్తే దేశాల మధ్య తిరగడం తేలిక. మాల్టా, ఐర్లండ్ లాంటి చోట్లకి మాత్రం దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగు మందు డాక్టరు చేత వేయించి రాయించుకోవాలి.

నీ జెనోవాకి ఒక్కసారే వెళ్ళాం. 1543 నాటి లైట్‌హౌస్ ఇప్పటికీ వెలుగుతోంది. పాత రేవు వెనక సందులు ఎంత ఇరుకంటే రెండు చేతులు చాపితే గోడలు తగులుతాయి. ఎండ కింద పడదు కాబట్టి బుజ్జికి చల్లన. సందుల్లో తిరిగేటప్పుడు చేతిలో నీళ్ళ సీసా ఉంచుకో, గోడ తడిపితే వెంటనే నీళ్ళు పోయాలి, ఇటలీలో చాలా ఊళ్ళలో అది పద్ధతి. బొక్కదాస్సె అనే జాలరిపేట ఉంది, పడవలు ఒడ్డుకు లాగి ఉంటాయి. నీకు దిగులేస్తే అక్కడికి వెళ్ళు.

తిరిగొచ్చాక కర్రిగాణ్ణి కళింగపట్నం తీసుకెళ్తున్నాను. అదీ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవే కదా. లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు, ఇటువైపు కొండ మీద శాలిహుండం స్తూపాలు. చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళ్ళి గంటలో తిరిగొచ్చేవాళ్ళం. ఇప్పుడు వాడితో పొద్దుటంతా నడుస్తున్నాను. జాలర్లు మొదట్లో అదిలించేవాళ్ళు, ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో మాత్రం వాణ్ణి ఇసుక మీదకి తీసుకెళ్ళను, తీసుకెళ్ళినా గొలుసు విప్పను. కుక్కలు గూళ్ళు తవ్వేస్తాయి, అటవీశాఖ వాళ్ళు ఎంతో కష్టపడి కాపాడుకొస్తున్న గుడ్లవి. నువ్వు బుజ్జితో వచ్చినా అంతే.

వచ్చే ఆదివారం బుజ్జిని తీసుకుని రా, మూతి తొడుగూ బోనూ నా దగ్గరివి ఇస్తాను, దాని కొలతకి సరిపోతాయో చూద్దాం. సోమవారమే చిప్ వేయించెయ్. ఆ నంబరు నాకు పంపు. టీకా కార్డు, ల్యాబ్ ఫారం, సర్టిఫికెట్, అన్నిటిలో పదిహేను అంకెలూ ఒకేలా ఉండాలి, నేను కూడా ఒకసారి సరిచూస్తాను. అక్కకి నా నమస్కారాలు చెప్పు, బుజ్జి ఆవిడ దగ్గరుండట్లేదని నువ్వే మెల్లగా చెప్పుకో.

నీ
బావ