ఎవరు నొక్కేశారట?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ వాణిజ్య పేజీలో ఒక కంపెనీకి 'కనిపించని ఆస్తులు' పెరిగాయని రాశారు. కామర్స్ చదివే మా మనవరాలు దాన్ని పైకి చదువుతుంటే, పక్కగదిలోంచి మా ఆవిడ "ఎవరు నొక్కేశారట?" అంది. ఆవిడ తప్పేం లేదు. అవి ఇంగ్లిష్‌లో 'ఇన్‌టాంజిబుల్ అసెట్స్'. పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు, గుడ్‌విల్ (వ్యాపారానికున్న మంచిపేరు) లాంటివి. బ్యాలెన్స్ షీటులో అంకెతో సహా కనిపిస్తూనే ఉంటాయి. చేత్తో తడిమి చూడలేం, అంతే.

నేను 31 ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఈ మాటంటే నాకు కాస్త మమకారం. 'ఇన్‌టాంజిబుల్'కు మూలం లాటిన్‌లోని 'టాంగెరె', అంటే తాకడం. వృత్తాన్ని ఒకే బిందువు దగ్గర తాకే గీత టాంజెంట్, మనకది స్పర్శరేఖ. 'కంటేజియన్' కూడా ఆ ఇంటిదే. మనం అంటువ్యాధి అంటాం, అందులోనూ ఉన్నది అంటుకోవడమే. అన్నిటికన్నా తమాషా 'ఇంటీజర్'. ఎవరి చెయ్యీ పడనిది, కాబట్టి తరుగు లేనిది, పూర్ణసంఖ్య. నల్లబల్ల మీద వేలసార్లు రాశాను గానీ, ఇంటీజరూ టాంజెంటూ దాయాదులని రిటైరయ్యాక నిఘంటువు తిరగేస్తుంటేనే తెలిసింది.

17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు 'ఇన్‌టాంజిబుల్' అనే మాటకు చేతికి తగలనిదనే అర్థం. తర్వాత మనసుకు చిక్కనిదాన్నీ అలాగే అన్నారు. మనం 'అంతుపట్టలేదు' అంటున్నామా లేదా? అక్కడా పట్టుకోవడమే.

పోనీ, మాటకు మాట పెడదామా అంటే 'అస్పృశ్య' అని వస్తుంది. మనుషుల్ని ఊరవతల నిలబెట్టిన మాట అది. దాన్ని తెచ్చి గుడ్‌విల్‌కు తగిలించడానికి నాకు చెయ్యి రాదు.

'కనిపించని' కూడా కుదరదనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. యునెస్కో 2003లో 'ఇన్‌టాంజిబుల్' వారసత్వాన్ని, అంటే ఆటపాటల వంటివాటిని, కాపాడటానికే ఒక ఒడంబడిక చేసింది. దాని జాబితాలోకి 2009లో టాంగో నాట్యం ఎక్కింది. ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని, అందరూ చూస్తుండగా ఆడేది! కనిపించకపోవడమేమిటి? ఆట ఆగాక అల్మరాలో పెట్టుకోవడానికి ఏమీ మిగలదు, అదీ సంగతి.

అందుకే ఆస్తులకూ వారసత్వానికీ 'అమూర్త' అనే మాట నాకు నచ్చుతుంది. నైరూప్య చిత్రాల గురించి రాసేవాళ్లూ దాన్ని వాడతారు, వాడుకోనివ్వండి. మనుషుల గుణాలకు మాత్రం అదీ వద్దు. ఆటగాళ్ల గురించి రాసేవాళ్లు స్కోరుబోర్డు కెక్కని లక్షణాలన్నిటినీ కలిపి 'ఇన్‌టాంజిబుల్స్' అంటారు. మనకు విడివిడిగా పేర్లున్నాయి: నిబ్బరం, ఓర్పు, పదిమందినీ కలుపుకుపోవడం. వాటినే రాస్తే సరిపోతుంది.

ఈసారి 'అమూర్త ఆస్తులు' అని వేసి, మొదటిసారి వచ్చినచోట 'పేటెంట్ల వంటివి' అని రెండు మాటలు చేర్చండి. మా ఆవిడ ఎవరినీ అనుమానించదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు