వంద ఎకరాల కాఫీ తోట సంగతి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం చదివి నవ్వాగలేదురా. పాడేరు పైన వంద ఎకరాలు కొనేసి కాఫీ వేద్దామా? ఒక్క సెంటు కూడా కొనలేవు. ఇది ఏజెన్సీ, 1/70 చట్టం ఉంది. ఇక్కడి భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారదు. బినామీ గినామీ అన్నావంటే నీతో మాట్లాడను.

అయినా పెద్ద సాగంటే పెద్ద ఎస్టేటే ఉండాలని ఎవరు చెప్పారు నీకు? అటవీ కార్పొరేషన్ తోటలు పక్కనపెడితే, ఇక్కడ ఎవరిని అడిగినా ఎకరమో రెండెకరాలో అంటారు. అన్నీ కలిపితే రెండు లక్షల ఎకరాల పైమాటే! ఒకప్పుడు పోడు కొట్టి సామలు, చోళ్లు వేసిన వాలులు చాలావరకు ఇవే. ఇప్పుడు పైన సిల్వర్ ఓక్, కింద కాఫీ, మానుకి మిరియాల తీగ. కాఫీ ధర పడిపోయిన ఏడు మిరియాలు ఆదుకుంటాయి. చెట్ల నీడ ఉండబట్టి వానకి మట్టి గెడ్డలో, అంటే వాగులో, కలవడమూ తగ్గింది. కాకపోతే నాటాక కాపు కోసం మూడు నాలుగేళ్లు ఆగాలి. నీకు అంత ఓపిక ఎక్కడిది?

డిసెంబర్లో ఒక తోటకి వెళ్లాను. ఒకే గుత్తిలో ఒక పండు ఎర్రగా, దాని పక్కది పచ్చిగా ఉంటుంది. ఎర్రవే గిల్లాలి, మిగతా వాటికి మళ్లీ మళ్లీ రావాలి. నేను కొమ్మంతా ఒక్కసారే దూసేయబోతే ఆ ఇంటావిడ "అలా కాదు సారూ" అని నా బుట్ట లాగేసుకుంది. దళారికైతే పచ్చీ పండూ ఒకటే, ధర కూడా అలాగే కడతాడు. సహకార సంఘం వాళ్లు పండిన పళ్లే తీసుకుని, పల్పర్‌లో తొక్క తీయించి, కడిగి, ఎండబెట్టిస్తారు. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారన్నా, 2019లో ఇక్కడి అరబికా రకం కాఫీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందన్నా ఈ ఏరివేత లేకుండా అయ్యేది కాదు. తొక్క ఎరువవుతుంది. కడిగిన నీళ్లు మాత్రం పుల్లబడి ఉంటాయి, గెడ్డలోకి వదిలితే చేపలు బతకవు. ఆ జాగ్రత్త అన్ని చోట్లా ఉందని చెప్పలేను.

నాకున్న పెద్ద టెన్షన్ వేరే. నీడకి ఎటు చూసినా సిల్వర్ ఓకే. త్వరగా ఎదుగుతుంది, కలపకీ పనికొస్తుంది, నిజమే. కానీ పనస, మామిడి, అడవి చెట్లు కూడా కలిపి ఉంచితే పిట్టలొస్తాయి, తిండీ దొరుకుతుంది. దీనికి తోడు 2025లో కాయతొలుచు పురుగు అరకు వైపు మొదటిసారి బయటపడింది. కాయ అడుగున సూది మొనంత బెజ్జం చేసి గింజలోకి దూరిపోతుంది. కోత అయ్యాక కొమ్మ మీద, నేల మీద ఒక్క కాయ కూడా మిగల్చకుండా ఏరేయాలి. నువ్వు ఏరినా పక్కవాడు వదిలేస్తే పురుగు మళ్లీ నీ తోటకే వస్తుంది. చిన్న కమతాలతో వచ్చిన తంటా ఇదే, ఊరంతా ఒక్కమాట మీద ఉండాలి.

డబ్బు పెట్టాలని అంత దురదగా ఉంటే పొడి కొనుక్కోరా. కిలో పార్సిల్ చేస్తున్నాను. చికోరీ కలిపావని తెలిస్తే మాత్రం ఇంకోసారి పంపను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ,
రవి