గజ్జి మందు గదంతటికీ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా అబ్బాయి అవతల శ్రీకాకుళం జిల్లాలో ఒక హాస్టల్లో ఉండి ఎనిమిది చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ పొక్కులు. రాత్రయితే గోకుడే గోకుడు. మందుల షాపులో తామర ట్యూబు ఇచ్చారు. వారం రోజులు తగ్గినట్టే ఉండి ఒళ్ళంతా పాకింది. అందులో స్టెరాయిడ్ ఉందని, అది దురదను అణుస్తుందే గానీ గజ్జి పురుగును చంపదని తర్వాత తెలిసింది.

శివరాత్రికి నాకూ మా ఆయనకూ మొదలైంది. పండక్కి వాడితో ఒకే దుప్పట్లో పడుకున్న మా ఆడపడుచు పిల్లలకీ అంతే. సెలవుకు వచ్చిన వాణ్ణి కూడా తీసుకుని అందరం బరంపురంలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

ఇది గజ్జి అన్నారు. దానికి కారణం అర మిల్లీమీటరు కూడా లేని పురుగట. చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మొదటిసారి అంటినవాళ్ళకు దురద తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈలోగా పక్కవాళ్ళకు అంటించేస్తారు. అందుకే దురద లేనివాళ్ళతో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలన్నారు. 5 శాతం పెర్‌మెత్రిన్ క్రీము, మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా. పొద్దున్న స్నానం. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. మా అత్తగారు ఒప్పుకుంటేనా! "నాకు దురదేటీ లేదు, నాకెందుకే ఈ పూత?" అని రాత్రి తొమ్మిదింటి దాకా పేచీ. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉడకబెట్టాను. ఉతకలేని బొంతల్ని సంచిలో మూటకట్టి వారం ముట్టుకోలేదు.

పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుందట. అది తెలియక నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇంత చేసి పంపితే, ఉగాదికి వాడు మళ్ళీ గోక్కుంటూ వచ్చాడు. ఈసారి హాస్టలుకెళ్ళిన మూడో రోజే దురద మొదలైందట. రెండోసారి అంటితే అలాగే తొందరగా తెలుస్తుందట. హాస్టల్లో అడిగితే "మీవాడికి ఇంట్లో తగ్గించి పంపండమ్మా" అన్నారు. గదిలో మిగతా పిల్లల సంగతో? పక్క మంచం కుర్రాడిది మెళియాపుట్టి. వాడికీ ఉందట, సిగ్గుతో ఇంట్లో చెప్పలేదట. చెప్పడు మరి, గజ్జి అన్నమాటను మనం తిట్టుగానే వాడతాం కదా. నేనూ జాకెట్లు ఇచ్చేవాళ్ళకు "ఏదో ఎలర్జీ" అనే చెప్పాను.

హాస్టళ్ళు చూసే అధికారులను నేను అడిగేది ఒక్కటే. వేసవి సెలవులు ఇచ్చేలోపే ఒక సాయంత్రం డాక్టరును పిలిచి, గది గదంతటికీ మందు రాయించండి. వారం తర్వాత వేసే రెండో పూత కూడా అక్కడే అవ్వాలి. పిల్లలకు ఇచ్చే చీటీలో ఇంట్లోవాళ్ళూ వాడాలని రాయండి. మా ఇవతలి ఊళ్ళ నుంచీ పిల్లలు ఉన్నారు, ఆ చీటీ ఒడియాలో కూడా ఉంటే మేలు.

— ఒక విద్యార్థి తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా